హౌసీ, రమ్మీ, ఫోన్‌లో క్రేట్లు: వీటిలో ఆట ఏది, జూదం ఏది?

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ అపార్ట్‌మెంట్‌లో పండగలకు 50 రూపాయల టికెట్టు పెట్టి హౌసీ ఆడతారు. మీ వారు ఆదివారాలు నలుగురు స్నేహితులతో పాయింటుకు రూపాయి చొప్పున రమ్మీ ఆడతారు. 13 ఏళ్ళ మీ అబ్బాయి ఫోన్ గేమ్‌లో మీ యూపీఐతో డైమండ్లు, అంటే ఆ ఆటలో చెల్లే నాణేలు కొని, వాటితో క్రేట్లు, అంటే లోపల ఏముందో ముందు తెలియని పెట్టెలు తెరుస్తున్నాడు. మీ అత్తగారు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి జూదం అంటున్నారు. మీ వారేమో రమ్మీ తెలివితేటల ఆట అని సుప్రీంకోర్టే చెప్పిందంటున్నారు. సంక్రాంతికి భీమవరం వెళ్ళినప్పుడు అబ్బాయిని కోడిపందేలకు తీసుకెళ్ళాలా వద్దా అన్నది ఇంకో గొడవ. వీటిలో సరదా ఏది, జూదం ఏది, గీత ఎక్కడ గీయాలి అని అడిగారు.

నేను గోదావరి వైపు కోర్టుల్లో చాలా ఏళ్ళు వకీలుగా చేశాను. సంక్రాంతి వెళ్ళిన వారం గేమింగ్ కేసులు, అంటే జూదం కేసులు, కట్టలుగా వచ్చేవి. పట్టుబడినవాళ్ళ తరఫున వాదించాను, వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటే వాళ్ళ మాటా విన్నాను. దాన్నిబట్టి నా అభిప్రాయం ఇది. గెలుపు అదృష్టంతో వచ్చిందా, తెలివితో వచ్చిందా అన్నది పోలీసు కేసులో అడిగే ప్రశ్న. ఇంట్లో అడగాల్సినవి వేరు. ఓడిన డబ్బు ఎవరికి చేరుతోంది? ఆట ఎంత ఎక్కువ సేపు సాగితే అంత లాభపడే మనిషి అక్కడ ఎవరైనా ఉన్నారా? ఓడినవాడు లేచి ఇంటికి రాగలుగుతున్నాడా? హౌసీలో తెలివి అన్నదానికి చోటే లేదు, అయినా దానివల్ల చితికిపోయిన ఇల్లు నేను చూడలేదు. రమ్మీలో తెలివి ఉంది, ఒప్పుకుంటాను. పొలాలు అమ్ముకున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడింది మాత్రం రమ్మీయే.

ముందు మీ వారి సుప్రీంకోర్టు మాట చూద్దాం, ఎందుకంటే ఆయన చెప్పింది అబద్ధం కాదు, సగం. 1963లో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడేవాళ్ళను పట్టుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ మధ్య నడిచిన కేసు అది. 1967లో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో ముఖ్యంగా ఉండేది నైపుణ్యమే అన్నారు. మూడు ముక్కలాట అలా కాదు, అది ఒట్టి అదృష్టం అన్నారు. క్లబ్బు తీసుకునే చిన్నపాటి సీటింగ్ ఛార్జీని లాభంగా లెక్కేయలేం అని కూడా చెప్పారు. రమ్మీ ఆడేవాళ్ళందరికీ ఇక్కడిదాకా కంఠతా వచ్చు.

ఆ తీర్పులోనే ఇంకో వాక్యం ఉంది. ఇంటి యజమానో క్లబ్బో ఆ ఆట నుంచి లాభం తీసుకుంటున్నట్టు సాక్ష్యం ఉంటే, అది రమ్మీ అయినా మరొకటైనా నేరం రుజువు కావచ్చు అని. అంటే కోర్టు ఆట పేరు దగ్గరే ఆగిపోలేదు, డబ్బు ఎటు పోతోందో కూడా చూసింది. నైపుణ్యం అన్న మాట పట్టుకుని బయటికొచ్చినవాళ్ళు ఈ రెండో వాక్యాన్ని అక్కడే వదిలేసి వచ్చారు.

పైగా ఆ తీర్పు వచ్చింది పాత హైదరాబాద్ జూద చట్టం మీద. తర్వాత 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. రాష్ట్రం విడిపోయాక 2017లో తెలంగాణ ఆ చట్టాన్ని సవరించి, నైపుణ్యం ఆట అయినా సరే ఫలితం తెలియనిదాని మీద డబ్బు ఒడ్డితే పందెమే అనేలా నిర్వచనం మార్చింది, ఆన్‌లైన్‌ను కూడా అందులోకి తెచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆన్‌లైన్ ఆటలకు వర్తించేలా తన చట్టం మార్చుకుంది. ఆ తర్వాత 2025 ఆగస్టులో కేంద్రం ఏకంగా దేశం మొత్తానికీ చట్టం చేసింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా, రెండూ కలిసినా, డబ్బు కట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆట నడపడం నేరం. నడిపినవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలిచ్చినవాళ్ళకు రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఆడినవాళ్ళకు ఆ చట్టంలో శిక్ష లేదు. కంపెనీలు దాన్ని కోర్టుల్లో సవాలు చేశాయి, అది వేరే సంగతి. మీ వారు హైదరాబాద్‌లో ఉంటూ 1967 తీర్పును అడ్డుపెట్టుకుంటున్నారు, ఈలోగా దాని కింద నేల మారిపోయింది. స్నేహితుడి ఫ్లాట్‌లో ఆడుతున్నాం, మాకేం కాదు అనుకుంటే, అలా అనుకుని స్టేషన్‌లో ఫోన్లు అప్పజెప్పినవాళ్ళ వార్తలు పేపర్లో తరచూ కనిపిస్తూనే ఉంటాయి.

చట్టాన్ని ఇక్కడితో ఆపుతాను. ఎందుకంటే చట్టం గీసిన గీత మీ ఇంటికి సరిపోయే గీత కాదు. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో గుర్రం మీద డబ్బు పెట్టొచ్చు. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందేలను నైపుణ్యం కిందే లెక్కేసింది. భీమవరంలో కోడి మీద పెడితే నేరం. కేరళలో లాటరీ టికెట్టు ప్రభుత్వమే 1967 నుంచి అమ్ముతోంది, మన దగ్గర అదే టికెట్టు అమ్మితే కేసు. ఆటలో ఉన్న ప్రమాదాన్ని బట్టి గీసిన గీతలైతే ఇలా ఉండవు. వాటి వెనక ప్రభుత్వ ఆదాయం ఉంది, పాత అలవాటు ఉంది, కొంత సంకోచమూ ఉంది.

నైపుణ్యం అన్న మాటతో మనిషి తనను తాను ఎలా మోసం చేసుకుంటాడో చెప్పడానికి పేకాట కూడా అక్కర్లేదు. షేర్ మార్కెట్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్, అంటే ధర ముందుముందు ఎటు పోతుందో అన్నదాని మీద చేసే ఒప్పందాలు, పూర్తిగా చట్టబద్ధం. చార్టులు, లెక్కలు, క్లాసులు, అన్నీ నైపుణ్యమే. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన అధ్యయనం ప్రకారం, మూడు ఆర్థిక సంవత్సరాల్లో అందులో ఆడిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. సగటున మనిషికి 2 లక్షలు. మీ బంధువుల్లో ‘నేను పేక ముట్టను, ట్రేడింగ్ చేస్తాను’ అని గర్వంగా చెప్పేవాళ్ళుంటే ఈ అంకె ఒకసారి చూపించండి.

ఇక మీరు చివర్లో ‘అన్నట్టు’ అంటూ రాసిన మాట. ఈమధ్య ఆట ఒక స్నేహితుడి ఖాళీ ఫ్లాట్‌కి మారిందని, కాఫీ, టిఫిన్ ఖర్చులకని ప్రతి ఆటలో గెలిచినవాడు 20 రూపాయలు డబ్బాలో వేస్తున్నాడని, ఒక్కోసారి కొత్తవాళ్ళు కూడా వస్తున్నారని రాశారు. మీ ఉత్తరం మొత్తంలో నేను రెండుసార్లు చదివింది ఇదే. పాయింటుకు రూపాయి అన్నది నన్ను పెద్దగా కంగారు పెట్టలేదు. 13 ముక్కల రమ్మీలో ఫుల్ కౌంట్ 80 పాయింట్లు, అంటే ఒక ఆటలో ఎంత చెడ్డగా ఓడినా 80 రూపాయలు. చెయ్యి బాగోలేదని మొదట్లోనే వదిలేస్తే 20. నలుగురైదుగురు పాత స్నేహితులు దాదాపు ఒకే స్థాయిలో ఆడితే ఈ ఆదివారం ఒకరి జేబులోంచి పోయింది వచ్చే ఆదివారం తిరిగి వస్తుంది. ఏడాది చివర లెక్క వేస్తే ఎవరూ పెద్దగా గెలిచి ఉండరు, ఓడి ఉండరు. డబ్బు ఆ అయిదుగురి మధ్యే తిరుగుతూ ఉంటుంది.

డబ్బా వచ్చాక లెక్క మారిపోతుంది. గంటకు పది ఆటలు పడతాయనుకుందాం. అయిదు గంటలు కూర్చుంటే 50 ఆటలు. ఆటకు 20 చొప్పున డబ్బాలో 1000. అయిదుగురి మీద పంచితే ఆదివారానికి తలా 200. ఏడాదికి 50 ఆదివారాలు వేసుకుంటే మనిషికి 10,000. మీ వారు మిగతావాళ్ళతో సమానంగా, ఏ మాత్రం తీసిపోకుండా ఆడినా సరే, ఏడాదికి 10,000 పోతాయి. ఓడినట్టే తెలియదు, ఎందుకంటే ఆ డబ్బు గెలిచినప్పుడల్లా పోతోంది. గెలిచిన సంతోషంలో 20 రూపాయలు ఎవరికి పట్టింది? అయిదు గంటల కాఫీ, టిఫిన్లకు 1000 అవుతుందా అంటే, సరే, అవుతుందనే అనుకుందాం. మిగిలితే ఎవరికి మిగులుతోంది అన్నది అడగాల్సిన ప్రశ్న. ఆ ఫ్లాట్ ఆయనకు ఆట ఎన్ని గంటలు సాగితే అంత వస్తుంటే, ‘ఇంకో రెండు ఆటలు వేద్దాంలే’ అనడానికి ఆయనకొక కారణం పుట్టినట్టే. కొత్తవాళ్ళను పిలవడానికీ అదే కారణం. రేట్లు పెరగడానికీ అదే. క్లబ్బులు ఇలాగే మొదలవుతాయి. ఎవరూ జూదశాల పెడదామని బోర్డు రాయించుకుని మొదలుపెట్టరు.

ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు చేసిందీ ఈ డబ్బా పనే, కాకపోతే శాతాల్లో. ప్రతి టేబుల్ నుంచి కమీషన్ తీసుకునేవి. అందుకే వాటికి ఎవరు గెలిచినా ఒకటే, ఆట ఆగకపోతే చాలు. ఫోన్‌లో ఇంకో ముప్పు కూడా ఉంది. పాత క్లబ్బులో జేబు ఖాళీ అయితే లేవాల్సిందే, అప్పు కావాలంటే ఒకరి ముఖం చూసి అడగాలి. ఫోన్‌లో ఆట, బ్యాంకు, అప్పులిచ్చే యాప్ అన్నీ ఒకే తెర మీద ఉంటాయి. అర్ధరాత్రి రెండింటికి ఎవరి ముఖం చూడక్కర్లేకుండా అప్పు పుడుతుంది. ఇప్పుడు చట్టం వచ్చి పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి గానీ, విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ యాప్‌లు టెలిగ్రామ్ గ్రూపుల్లో లింకులు పంపుతూనే ఉన్నాయి. మీ వారి ఫోన్‌లో అలాంటివి లేవని తెలుసుకుంటే ఈ విషయంలో సగం టెన్షన్ తగ్గుతుంది.

హౌసీ గురించి ఎక్కువ చెప్పను. 40 టికెట్లు 50 చొప్పున అమ్మితే 2000. జల్దీ ఫైవ్, మూడు లైన్లు, ఫుల్ హౌస్ అని ఆ రెండు వేలూ అక్కడికక్కడే పంచేస్తారు. నిర్వహించేవాళ్ళకు మిగిలేది లేదు, ఓడినవాడికి పోయేది 50, అదీ మొదటే తెలుసు, ఇంకో టికెట్టు కొని పోయింది రాబట్టుకునే వీలు లేదు. అక్షరం పట్టుకుని చూస్తే అదృష్టం మీద డబ్బు పెట్టినట్టే కాబట్టి, డబ్బు బదులు స్టీలు డబ్బానో, కుక్కరునో బహుమతిగా ఇచ్చి, ఆ ఖర్చు పండగ చందాలోంచే పెట్టమని మీ అసోసియేషన్‌కి చెప్పండి. గొడవే ఉండదు. అదే అసోసియేషన్‌లో ఎవరైనా ‘నెలకు 1000 కట్టండి, డ్రాలో పేరొచ్చినవాళ్ళు మిగతా నెలలు కట్టక్కర్లేదు, ఫ్రిజ్ వాళ్ళదే’ అని స్కీము మొదలుపెడితే మాత్రం దూరంగా ఉండండి. మామూలు వేలం చీటీకీ దీనికీ పోలిక లేదు. చీటీకి 1982 నాటి చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది, నిర్వాహకుడి కమీషన్‌కు 7 శాతం అని పరిమితి ఉంది. ఈ లక్కీ డ్రా స్కీములను 1978లోనే నిషేధించారు, అయినా ప్రతి ఊళ్ళోనూ ఇవి మళ్ళీ మళ్ళీ మొలుస్తాయి.

భీమవరం సంగతి. నేను ఆ వైపు వాణ్ణే, పండగ నాడు బరి దగ్గర ఉండే కళ నాకు తెలుసు. డేగ, కాకి, నెమలి అని రంగు చూసి కోడికి పేరు పెట్టేవాళ్ళు, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో లెక్కలు కట్టేవాళ్ళు, బాదం, జీడిపప్పు పెట్టి కోడిని పెంచేవాళ్ళు ఉంటారు, వాళ్ళకు అదొక విద్య. కానీ కోడి కాలికి కత్తి కట్టి కొట్టించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం, దాని మీద పందెం గేమింగ్ చట్టం కింద నేరం. 2016 చివర్లో ఉమ్మడి హైకోర్టు గట్టిగా ఆదేశించింది, అయినా బరులు ఆగలేదు. ఎమ్మెల్యేలే వచ్చి కూర్చునేచోట నేరం అంటే ఎవరు నమ్ముతారు అని మీరు అడగొచ్చు. నిజమే. అయినా 13 ఏళ్ళ పిల్లాడిని అక్కడికి తీసుకెళ్ళొద్దనే చెప్తాను. కత్తి, రక్తం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం బరి పక్కన ఉంటుంది.

అది గుండాట. కోడిపందెం గంటకు కొన్ని మాత్రమే పడతాయి, ఆ మధ్యలో జనం ఊరికే నిలబడకుండా ఈ బోర్డులు పెడతారు. ఆరు బొమ్మలుంటాయి, నచ్చిన బొమ్మ మీద డబ్బు పెడతారు, పాచికలు వేస్తారు. మూడు పాచికలు వేసే రకం తీసుకుని లెక్క చెప్తాను, మీ అబ్బాయికి కూడా చూపించండి, లెక్కల క్లాసులా ఉంటుంది. మీ బొమ్మ ఒక పాచిక మీద పడితే పెట్టిన డబ్బు వెనక్కిచ్చి పైన అంతే, రెండింటి మీద పడితే రెండింతలు, మూడింటి మీదా పడితే మూడింతలు ఇస్తారు. చూడ్డానికి చాలా న్యాయంగా ఉంటుంది. ఆరు బొమ్మలు, మూడు పాచికలు, సగానికి సగం అవకాశం అనిపిస్తుంది. నిజానికి మూడు పాచికలు 216 రకాలుగా పడొచ్చు. అందులో మీ బొమ్మ అసలు పడనివి 125. ఒకసారి పడేవి 75, రెండుసార్లు 15, మూడుసార్లు 1. ఒక్కో రూపాయి చొప్పున 216 సార్లు పెట్టినవాడికి వచ్చేది 75, 30, 3 కలిపి 108. పోయేది 125. తేడా 17 రూపాయలు. అంటే పెట్టిన ప్రతి 100లో సగటున దాదాపు 8 రూపాయలు బోర్డు వాడివి, వాడు ఏ మోసమూ చేయకుండానే. నిమిషానికి రెండు మూడుసార్లు పాచికలు పడతాయి. గంట నిలబడితే ఆ 8 రూపాయలు ఎన్నిసార్లు పోతాయో మీరే గుణించుకోండి. కోడి మీద లక్షలు పెట్టేవాళ్ళ గురించి పేపర్లో రాస్తారు. కూలి డబ్బులు జేబులో పెట్టుకుని వచ్చినవాడు ఖాళీ అయ్యేది ఈ బోర్డు దగ్గర.

ఆట ఎంత వేగంగా తిరిగి మొదలవుతుంది అన్నది నేను చాలా ముఖ్యంగా చూస్తాను. నెలకోసారి తీసే డ్రాకు వ్యసనపరుడయ్యేవాడు తక్కువ. ఓడిన బాధ చల్లారకముందే మళ్ళీ పెట్టే అవకాశం ఉన్న ఆటలే మనిషిని పట్టుకుంటాయి. పోగొట్టుకున్న చోటే రాబట్టుకోవాలి అంటారు మనవాళ్ళు. వ్యాపారంలో అది పట్టుదల. ఆట బల్ల దగ్గర ఆ మాట ఎవరి నోటి నుంచైనా వచ్చిందంటే నేను దాన్ని రోగలక్షణంగానే తీసుకుంటాను. ఇది నా సొంత మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో జూద వ్యసనం ఉంది, వీడియో గేముల వ్యసనం కూడా ఉంది. డాక్టర్లు మొదటి వడపోతకు రెండే ప్రశ్నలు అడిగే పద్ధతి ఒకటి ఉంది. ఒకటి, రానురాను ఎక్కువ డబ్బు పెట్టాలనిపిస్తోందా? రెండు, ఎంత పెట్టావో నీకు ముఖ్యమైనవాళ్ళ దగ్గర అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? మీ వారికి ఈ రెండింటికీ ‘లేదు’ అన్నదే జవాబైతే, డబ్బా సంగతి తేల్చుకుని ఆయన ఆదివారాన్ని ఆయనకు వదిలేయండి. ఒక్కదానికి ‘అవును’ వచ్చినా రూపాయి పాయింటు అన్నది చూసి మోసపోకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇంకో చిన్న విషయం, మీ ప్రశ్నలో లేదు గానీ ఎవరికైనా పనికొస్తుంది. జీవితమంతా పేక ముట్టని పెద్దాయన అరవై దాటాక హఠాత్తుగా పందేలకు అలవాటు పడితే, ఆయన పార్కిన్సన్స్‌కు మందులు వాడుతున్నారేమో చూడండి. ఆ మందుల్లో కొన్ని రకాలకు ఇది తెలిసిన దుష్ప్రభావం. మందు సొంతంగా ఆపొద్దు, డాక్టరుకు చెప్తే మారుస్తారు. మనిషి చెడిపోయాడని ఇల్లంతా ఏడ్చే బదులు ఒక మందుల చీటీ మారిస్తే సరిపోయే సందర్భం ఇది.

అప్పుల గురించి కూడా ఒక మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచినవాడు కోర్టుకెళ్ళి ఆ డబ్బు వసూలు చేయలేడు. ఇది విని చాలామంది ధైర్యపడతారు. కానీ ఆడటానికి మూడో మనిషి దగ్గర ప్రోనోటు రాసి తెచ్చిన అప్పు అలా పోదు. పందెం చెల్లకపోవచ్చు గానీ దానికి అనుబంధంగా చేసిన లావాదేవీలన్నీ అక్రమం కావని 1959లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఖాళీ ప్రోనోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టే రోజు వచ్చిందంటే ఆట సంగతి అక్కడితో ముగిసి ఆస్తి సంగతి మొదలైందని అర్థం చేసుకోండి.

చివరికి మీ అబ్బాయి. మీరు దీన్ని మూడో సంగతిగా రాశారు, నేనైతే మొదటిదిగా రాసేవాణ్ణి. మీ అత్తగారు దీన్ని జూదం అన్నప్పుడు ఇంట్లో అందరూ నవ్వారన్నారు. ఆవిడ గుండాట చూసిన మనిషి అయ్యుంటారు, అందుకే ఇట్టే గుర్తుపట్టారు. పిల్లాడు ఏం కొంటున్నాడో తెలిసి కొంటే అది షాపింగ్. 200 పెట్టి ఫలానా డ్రెస్సు, ఫలానా తుపాకీ రంగు కొన్నాడంటే మనకు అది దండగ ఖర్చు అనిపించొచ్చు, జూదం కాదు. క్రేటులో ఏముందో తెరిచేదాకా తెలియదు. డబ్బు ముందు కట్టాలి, వచ్చేది అదృష్టం. తెరిచేటప్పుడు మెరుపులు, చప్పుడు, కావాల్సిన వస్తువు గీత పక్కదాకా వచ్చి జారిపోయినట్టు చూపించడం, ఇవన్నీ జూదం యంత్రాల నుంచి తెచ్చుకున్నవే. 2018లో బెల్జియం ఇలాంటి పెట్టెలను జూదం కిందే లెక్కేసి ఆపించింది. జపాన్ 2012లోనే వీటిలో ఒక రకాన్ని ఆపింది. చైనా 2017 నుంచి ఏ వస్తువుకు ఎంత శాతం అవకాశమో బయటపెట్టమంది. మన 2025 చట్టం ప్రధానంగా డబ్బు గెలుచుకునే ఆటల మీద దృష్టి పెట్టింది కాబట్టి, క్రేట్ల విషయంలో అదే కాపాడుతుందని కూర్చోవద్దు.

అరవకుండా పక్కన కూర్చుని అడగండి, ఆ వస్తువు వచ్చే అవకాశం ఎంత శాతమని గేమ్‌లో రాశారో. చాలా గేముల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక శాతం అని ఉంటే, పిల్లలందరూ 100 క్రేట్లు తెరిస్తే తప్పకుండా వస్తుందనుకుంటారు. కాలిక్యులేటర్‌లో 0.99ని వంద సార్లు గుణించమనండి, 0.37 దగ్గర ఆగుతుంది. అంటే 100 క్రేట్లకు డబ్బు కట్టిన వందమందిలో 37 మంది ఇంకా ఉత్త చేతులతోనే ఉంటారు. ఈ లెక్క తన చేత్తో వేసిన పిల్లాడికి నేను వంద నీతులు చెప్పక్కర్లేదని నా అనుభవం. మా ఇంట్లో మనవడి మీద పనిచేసింది, కొంతకాలానికి క్రేట్లు మానేసి తిన్నగా డ్రెస్సులు కొనడం మొదలుపెట్టాడు. అదీ ఖర్చే అనుకోండి.

ఆట మొత్తం మాన్పించొద్దు. స్నేహితులంతా సాయంత్రం అక్కడే కలుస్తారు, మన కాలంలో గోళీల దగ్గర కలిసినట్టు. గోళీల్లో కూడా గెలిచినవాడు ఓడినవాడి గోళీలు పట్టుకుపోయేవాడు. కానీ జేబులో గోళీలు అయిపోతే ఆట అయిపోయేది, ఇంట్లోవాళ్ళ పెట్టెలోంచి ఇంకో వంద వచ్చేవి కావు. కాబట్టి ముందు ఆ దారి మూయండి. మీ యూపీఐ పిన్ ఈ రోజే మార్చండి, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, వేలిముద్ర కాదు, నిద్రపోయే అమ్మ వేలు పిల్లలకు అందుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి గత ఆరు నెలల్లో ఎంత పోయిందో మొత్తం కట్టండి, ఆ అంకె మీరూ మీ వారూ కలిసి చూడండి. మీకు తెలియకుండా జరిగిన కొనుగోళ్ళకు స్టోర్‌లో రీఫండ్ అడగొచ్చు, కానీ గడువు ఉంటుంది, ఆలస్యమైతే ఇవ్వరు. ఎవరో ‘డైమండ్లు చవగ్గా ఇస్తాం’ అని ఓటీపీ అడిగి డబ్బు లాగేసి ఉంటే అది వేరే కేసు, సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాత నెలకు వాడికి ఇంత అని చేతికి నోట్లుగా ఇవ్వండి. టాప్-అప్ కావాలంటే ఆ నోటు మీకిచ్చి మీ చేత చేయించుకోవాలి. ఏం కొంటున్నాడో ముందే పేరు చెప్పగలిగితే చేయండి. ఏం వస్తుందో చూద్దాం అంటే చేయొద్దు.